గంటం నుంచి కంప్యూటర్ దాకా: కోయంబత్తూరు, మదురై తెలుగువారి ఉద్యోగయాత్ర



ఉద్యోగం పురుషలక్షణం అన్నారు పెద్దలు. ఈ కాలంలో ఆ మాటలో స్త్రీలను కూడా కలుపుకోవాలి, అది వేరే సంగతి. అయితే ఆ మాట పుట్టిననాడు ఉద్యోగం అంటే నెల జీతం కాదు. భారతంలో ఉద్యోగపర్వం ఉంది కదా. అందులో కొలువు కోసం అర్జీ పెట్టుకున్నవాడు ఒక్కడూ కనిపించడు. యుద్ధం రాబోతోంది. ఇరుపక్షాలవారూ సేనలను కూర్చుకుంటారు, రాయబారాలు నడుపుతారు, తమ బలమెంతో ఎదుటివాడి బలమెంతో లెక్క చూసుకుంటారు. ఆ ప్రయత్నానికి, ఆ సన్నాహానికే ఉద్యోగమని పేరు. కాలక్రమంలో మాటలోంచి సన్నాహం జారిపోయి జీతం మాత్రం మిగిలింది.

ఈనాడు మన ఇళ్లలో చదువుకున్న పిల్లలు ఉద్యోగాల వేటలో ఉన్నారు. ఏ కోర్సు చేయాలి, ఏ కాగితం చేతిలో ఉండాలి, ఏ భాష రావాలి అని తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. ఈ ప్రశ్నలు కొత్తవి కావు. మనకంటే ముందు, మనకంటే దూరం వెళ్లి, పరాయి నేల మీద ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కున్న తెలుగువాళ్లు ఉన్నారు. వారు కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో దాదాపు 500 ఏళ్లుగా స్థిరపడిన తెలుగువారు. ఒక్కొక్క కాలంలో పని దొరకాలంటే వారి చేతిలో ఏ పనిముట్టు ఉండాల్సి వచ్చింది, దాన్ని ఎలా సంపాదించుకున్నారు, అది పనికిరాకుండా పోయిననాడు ఏమయ్యారు అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా మదురై సంగతి చూద్దాం. విజయనగర రాయల ప్రతినిధిగా వచ్చిన విశ్వనాథ నాయకుడితో, 1529 ప్రాంతంలో, మదురై నాయకుల పాలన మొదలైందని చరిత్రకారులు చెబుతారు. ఆ పాలన 1736 దాకా సాగింది. తిరుమల నాయకుడు, రాణి మంగమ్మ ఈ వంశంవారే. నాయకులతోపాటు సైనికులు, రైతులు, నేతగాళ్లు, తోలుపనివారు, కవులు, లెక్కలు రాసేవాళ్లు దక్షిణాదికి తరలివచ్చారు. పాలించేది తమిళ నేల, కొలువులో వాడేది తెలుగు. శాసనాలు తమిళంలోనూ వేయించారు, తెలుగులోనూ వేయించారు.

ఆ కొలువులో పెద్ద పదవులు మూడు. సేనలను నడిపేవాడు దళవాయి. ఆదాయవ్యయాలు చూసేవాడు ప్రధాని. రాజు తరఫున ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవాడు రాయసం. వీరుగాక ఇతర రాజుల కొలువుల్లో మన రాజు మాటగా ఉండి, అక్కడి సంగతులు ఎప్పటికప్పుడు రాసి పంపేవాడు స్థానాపతి. దళవాయి పనిముట్టు కత్తి అయితే రాయసంవారికీ స్థానాపతులకూ పనిముట్టు గంటం, తాటాకు. ఆకు చిరగకుండా అక్షరం గీయడం, మాట పొల్లుపోకుండా సంగతి చెప్పడం, వెండీ బంగారాల మారకం తెలిసి లెక్క కట్టడం, తెలుగుతోపాటు తమిళం, సంస్కృతం అర్థం చేసుకోవడం ఆనాటి అర్హతలు.

ఈ కొలువు పని నుంచి తెలుగు సాహిత్యానికి ఒక గొప్ప పుస్తకం వచ్చింది. రాయవాచకం అనే వచన గ్రంథం పేరు మీరు వినే ఉంటారు. దాన్ని రాసినవాడి సొంత పేరు మనకు దక్కలేదు. విశ్వనాథ నాయని స్థానాపతి అనే ఉద్యోగం పేరే రచయిత పేరుగా నిలిచిపోయింది. కృష్ణదేవరాయల కొలువులో జరిగిన విషయాలను తన ప్రభువుకు నివేదిస్తున్నట్టుగా ఆ పుస్తకం నడుస్తుంది. పద్యమే సాహిత్యమనుకునే రోజుల్లో మదురై తెలుగువారు వచనాన్ని ఇష్టంగా పెంచారంటే, ఆ వచనం వెనక ఇలాంటి నివేదికలు రాసిన చేతుల అలవాటు కూడా ఉందనుకోవచ్చు. తరువాత విజయరంగ చొక్కనాథుని కాలంలో జైమిని భారతాన్ని వచనంగా రాసిన సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు కూడా కొలువులో పనిచేసినవాడే.

కొలువు భాష ఎంత విలువైనదో ఒక పరదేశి ఉదాహరణ చెబుతుంది. 1606లో రాబర్ట్ డి నొబిలీ అనే ఇటలీ దేశపు క్రైస్తవ మతాచార్యుడు మదురైకి వచ్చాడు. ప్రజలతో మాట్లాడటానికి తమిళం నేర్చుకున్నాడు, పండితులతో వాదించడానికి సంస్కృతం నేర్చుకున్నాడు, వాటితోపాటు తెలుగూ నేర్చుకున్నాడు. మదురైలో పని జరగాలంటే ఈ మూడూ కావాలని అతనికి అర్థమైంది. పని చేయదలచుకున్నవాడు ముందు ఊరి భాషలను లెక్కపెట్టుకోవాలన్న పాఠం అంత పాతది.

1736లో నాయకుల పాలన ముగిసింది. ఆ తరువాత చందాసాహెబు, ఆర్కాటు నవాబు, చివరకు ఇంగ్లీషు కంపెనీ వచ్చాయి. కొలువు పోయింది. కొలువుతోపాటు తెలుగులో రాయసం రాసేవాడి అవసరమూ పోయింది. గంటం చెడిపోలేదు, చేతి నైపుణ్యం తగ్గలేదు. కానీ అడిగేవాడు లేడు. పాళయగాళ్లలో చాలామంది తెలుగువారే. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ఆ వంశాలవాడే. కంపెనీతో తలపడిన ఆయనను 1799లో ఉరితీశారు. పాళయాల అధికారం అణగిపోయాక వారి బంట్లకు కత్తి కూడా కూడు పెట్టలేదు. మిగిలింది నేల, నాగలి, మగ్గం, తోలు.

ఇక్కడి నుంచి మన కథ కోయంబత్తూరు వైపు మళ్లుతుంది. ఆ జిల్లాలో నల్లరేగడి నేలలు ఎక్కువ, వాన తక్కువ. కమ్మ నాయుళ్లు అక్కడ పత్తి పండించారు. తెలుగు, కన్నడం మాట్లాడే దేవాంగులు మగ్గం నేశారు. తెలుగు మాట్లాడే అరుంధతీయులు తోలుపని చేశారు. ఎవరి పని వారికి ఇంట్లోనే వచ్చేది. నాగలి పట్టడం తండ్రి నేర్పేవాడు. పడుగు సరిచేయడం, కండెలు చుట్టడం తల్లి నేర్పేది. అర్జీ లేదు, పరీక్ష లేదు, ధ్రువపత్రం లేదు. అందులో ఒక నెమ్మది ఉంది. ఒక బంధమూ ఉంది. మగ్గం ఇంట పుట్టినవాడు మగ్గమే నేయాలి, తోలుపని ఇంట పుట్టినవాడు తోలే కొయ్యాలి. చేతికి పని దొరికింది గాని, పనిని ఎంచుకునే హక్కు చేతికి లేదు.

ఈ కట్టుబాటును మొదట కదిలించినది యంత్రం. 1888లో స్టేన్స్ దొర కోయంబత్తూరులో నూలుమిల్లు పెట్టాడు. 19వ శతాబ్దం చివరి దశకంలో మదురైలో హార్వే సోదరుల మిల్లు నడక సాగించింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్సు స్థాపించారు. పత్తి పండించిన ఇళ్లవారే నూలు వడికించే యజమానులు కావడం ఒక ముఖ్యమైన మలుపు. 1930 దశకం మొదట్లో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు అందిన తరువాత మిల్లులు వరుసగా లేచాయి.

మిల్లులో పని దొరకాలంటే ఏం కావాలి? చదువు కాదు, అనుభవం కూడా కాదు. మేస్త్రీ దయ కావాలి. కూలీలను పిలుచుకువచ్చేదీ, పనిలో పెట్టేదీ, తీసేసేదీ ఆయనే. మా ఊరివాడు, మావాడు అన్న మాట ఒకటి, చేతిలో పెట్టే మామూలు ఒకటి, ఈ రెండే ఆనాటి అర్హతలు. మన దేశమంతటా మిల్లుల్లో ఇదే తీరు. 1929లో ఏర్పడి 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కార్మిక కమిషన్ ఈ లంచగొండితనాన్ని గట్టిగా ఖండించింది. కూలీలను చేర్చుకునే అధికారం మేస్త్రీ చేతిలోంచి తీసి, దానికోసం వేరే అధికారులను పెట్టాలని చెప్పింది. పని అడిగేవాడికి తన నేర్పు ఏమిటో రుజువు చేసుకునే మార్గం లేకపోతే ఎవరో ఒకరి కాళ్లు పట్టుకోవలసిందే. నేటి ధ్రువపత్రాలను మనం ఎంత విసుక్కున్నా, అవి లేని కాలం ఎలా ఉండేదో ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇక కోయంబత్తూరు తెలుగువారి చరిత్రలో ఉద్యోగం అన్న మాటకు పాత అర్థాన్ని తిరిగి తెచ్చిన మనిషి గురించి చెప్పుకోవాలి. ఆయన గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటే అందరికీ తెలుస్తుంది. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న పుట్టారు. బడి చదువు ఒంటబట్టలేదు. ఒకనాడు ఆ పల్లెదారిలో ఒక బ్రిటిష్ ఉద్యోగి మోటారు సైకిల్ మీద వెళ్లడం చూశారు. ఎడ్లు లేకుండా బండి ఎలా నడుస్తుందన్న ప్రశ్న ఆయనను వదలలేదు. కోయంబత్తూరుకు వచ్చి ఒక హోటల్లో సర్వరుగా పనిచేశారు. కూడబెట్టిన డబ్బుతో అలాంటి బండినే కొన్నారు. కొన్నాక ఊరేగలేదు. దాన్ని భాగం భాగంగా విప్పి మళ్లీ బిగించారు. ఆ బండి ఆయనకు బడి అయింది.

1920లో ఒక బస్సు సంపాదించి పొళ్లాచ్చికీ పళనికీ మధ్య నడిపారు. మొదట్లో తానే డ్రైవరు. అక్కడి నుంచి యునైటెడ్ మోటారు సర్వీసు అనే పెద్ద రవాణా సంస్థ పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన చేయించిన విద్యుత్ మోటారు మన దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా పేరు పొందింది. 1974లో ఆయన కన్నుమూశారు. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన 10 కిలోమీటర్ల వంతెనకు ఆయన పేరే పెట్టారు.

శ్రోతలారా, ఆయన ఎన్ని యంత్రాలు చేశారన్నది కాసేపు పక్కన పెడదాం. ఉద్యోగానికి సన్నాహం ఎలా ఉండాలన్న విషయంలో ఆయన పట్టుదల ఇంకా ఆలోచించదగినది. 1945లో ఆయన పూనికతో, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద, కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల వెలసింది. ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలం అదే. బడి చదువు పూర్తిచేయని మనిషి దానికి ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్లు అక్కరలేదు, చేతిపని ఎక్కువ చేయించి ఏళ్లు తగ్గించవచ్చు అన్నది ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. ఆయన వాదంలో తప్పొప్పులు ఉండవచ్చు. పట్టా పుచ్చుకుని కూడా యంత్రం ముందు చేతులు కట్టుకు నిలబడే కుర్రవాణ్ని చూసినప్పుడల్లా మాత్రం ఆ వాదం గుర్తుకు రాక మానదు.

అదే పీళమేడులో మరొక తెలుగు కుటుంబం ఇంకో దారి తొక్కింది. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు నలుగురు. 1926లో ఆస్తి పంచుకునేటప్పుడు నలుగురికి నాలుగు వాటాలు కాకుండా అయిదు వాటాలు వేశారు. అయిదో వాటా ధర్మానికి. ధర్మాన్ని కూడా ఒక తోబుట్టువుగా లెక్కపెట్టారన్నమాట. ఆ వాటాతో పి.ఎస్.జి. ధర్మసంస్థ ఏర్పడింది. మన పెద్దలు ధర్మమంటే సత్రం కట్టించేవారు, చెరువు తవ్వించేవారు. వీరు పారిశ్రామిక శిక్షణాలయం పెట్టారు. 1939లో పాలిటెక్నిక్, 1951లో ఇంజనీరింగు కళాశాల వచ్చాయి. ఒకే ఆవరణలో ఒకపక్క తరగతి గది, మరోపక్క పంపులు, మోటార్లు, లేతు యంత్రాలు తయారయ్యే కర్మాగారం. విద్యార్థి పాఠం విని, గోడ దాటి వెళ్లి అదే పని చేతితో చేసేవాడు. అన్నదానం ఒక పూట ఆకలి తీరుస్తుంది, పనిదానం ఒక తరం ఆకలి తీరుస్తుందన్న సంగతి వారు గ్రహించారు. అందులో చేరినవారు తెలుగువారే కాదు. తమిళ, మలయాళ, కన్నడ కుటుంబాల పిల్లలు వేలమంది అక్కడ పని నేర్చుకున్నారు.

అయితే ఇంతవరకూ చెప్పిన కథకు రెండో వైపు ఉంది. దాన్ని చెప్పకపోతే చరిత్ర చెప్పినట్టు కాదు.

కోయంబత్తూరు సేద్యం బావుల మీద ఆధారపడినది. 20వ శతాబ్దం మొదట్లో కంబోడియా పత్తి వచ్చాక నీటి అవసరం ఇంకా పెరిగింది. బావిలోంచి నీళ్లు తోడేది కపిల. మన చిత్తూరు వైపు పెద్దవాళ్లకు కపిల సంగతి చెప్పనక్కరలేదు. తోలుతో కుట్టిన పెద్ద సంచి బావిలోకి దిగుతుంది, జత ఎడ్లు ఏటవాలు దారిలో కిందికి నడుస్తాయి, సంచి పైకి వచ్చి నీళ్లు కాలువలో పడతాయి. ఆ తోలు పదునుచేసేవాడు, సంచి కుట్టేవాడు, చిరిగితే మాటువేసేవాడు అరుంధతీయుడు. రైతు పొలం పచ్చగా ఉండటానికి ఆ చేతులు కావాలి. అందుకు ఏటా ఇంత ధాన్యమని కట్టుబాటు. గౌరవం దక్కకపోయినా అవసరం ఉంది. ఆ అవసరమే వారి బేరానికి ఉన్న ఒక్క ఆధారం.

ముందు ఇనుప బొక్కెనలు వచ్చాయి. తరువాత కరెంటు వచ్చింది. పీళమేడులో పుట్టిన మోటారు, పంపు బావి గట్టు ఎక్కాయి. రైతుకు శ్రమ తగ్గింది, ఎడ్ల మేత ఖర్చు తగ్గింది, కర్మాగారంలో వేలమందికి పని దొరికింది. కపిల మూలపడింది. తోలు కుట్టే సూది, ఆరె, కత్తి ఒక తరంలో పనిలేనివైపోయాయి. మదురైలో కొలువు పోయిననాడు గంటానికి పట్టిన గతే బావిగట్టు మీద ఆరెకు పట్టింది. తేడా ఏమిటంటే, గంటం పట్టినవాడికి అక్షరం ఉంది, దాంతో ఇంకో దారి వెతుక్కోగలిగాడు. ఆరె పట్టినవాడికి బడి తలుపు తెరవలేదు. ఒక తెలుగువాడు చేసిన యంత్రం మరో తెలుగువాడి పనిని తీసుకుంది. కొందరు కూలీలయ్యారు. ఎందరో కోయంబత్తూరు, మదురై నగరాల పారిశుద్ధ్య పనిలో చేరారు. ఆ నగరాల వీధులు తెల్లవారకముందే ఊడ్చేవారిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు నేటికీ ఎక్కువమంది. ఇందులో జి.డి. నాయుడు తప్పేమీ లేదు. యంత్రాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ కొత్త పనిముట్టు వచ్చినప్పుడు పాత పనిముట్టు పట్టిన చేతికి కొత్త విద్య నేర్పే బాధ్యత సంఘానిది. ఆ బాధ్యత ఆనాడు నెరవేరలేదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి పని వెతుక్కునే పద్ధతే మారింది. రెండో ప్రపంచయుద్ధం ముగింపులో, 1945లో, సైన్యం నుంచి తిరిగివచ్చేవారి కోసం ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజీలు పెట్టారు. 1948లో వాటి తలుపులు అందరికీ తెరిచారు. ఖాళీలను ఎక్స్‌ఛేంజీకి తప్పక తెలియజేయాలని 1959లో చట్టం చేశారు. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం తీసుకుని వరుసలో నిలబడి పేరు నమోదు చేయించుకుంటే ఒక కార్డు ఇచ్చేవారు. మూడేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ తేదీ మరచిపోయి వరసలో వెనకబడినవారి బాధ ఇంటింటా విన్నదే. అయినా మేస్త్రీ దయకంటే ఆ నంబరు మేలు. నంబరుకు కులం తెలియదు, మామూలు తెలియదు.

ఆ రోజుల్లో ఉద్యోగార్థి పనిముట్ల వరస ఇలా ఉండేది. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం, టైపురైటింగు లోయరు, హయ్యరు సర్టిఫికెట్లు, వీలైతే షార్టుహ్యాండు. మదురై వీధుల్లో, కోయంబత్తూరు సందుల్లో సాయంత్రమైతే టైపు ఇన్‌స్టిట్యూట్ల టకటకలు వినిపించేవి. ఆ మిషన్ల ముందు కూర్చున్న ఆడపిల్లల్లో చాలామంది తమ ఇంట మొదటిసారి జీతం తెచ్చినవారు. చేతిపని వైపు వెళ్లేవారికి 1950లో మొదలైన పారిశ్రామిక శిక్షణ పథకం కింద ఐ.టి.ఐ.లు వచ్చాయి. 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. పని నేర్చుకుంటూ భత్యం పొందే హక్కు దానితో చట్టబద్ధమైంది.

భాష సంగతి కూడా ఇదే కాలంలో తేలింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగింది, ఆ ఏడాదే మద్రాసు రాష్ట్రంలో తమిళాన్ని అధికారభాషగా చేశారు. మన సరిహద్దుల్లో పటాస్కర్ తీర్పు ప్రకారం 1960లో తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. కోయంబత్తూరు, మదురై తెలుగువారు ఎక్కడివారక్కడే ఉన్నారు, ఎల్లలు మాత్రం మారాయి. 200 ఏళ్లు కొలువు భాషగా వెలిగిన తెలుగు వారికి ఇంటి భాషగా మిగిలింది. అర్జీ తమిళంలో, టైపు తమిళంలో, పరీక్ష తమిళంలో. వారు అలిగి కూర్చోలేదు. తమిళం నేర్చారు, అందులో కవులయ్యారు, మంత్రులయ్యారు. దానికి మూల్యంగా తెలుగు అక్షరం చాలా ఇళ్లలో పోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 42 లక్షలు. వారిలో తెలుగు మాట్లాడగలిగి చదవలేనివారు ఎందరో!

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టులకు వెళ్లి కొన్నేళ్లు మినహాయింపులు తెచ్చుకున్నారు. 2010 చట్టం తమిళ మాధ్యమంలో చదివినవారికి ప్రభుత్వ నియామకాల్లో 20 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. 2021 చివర వచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వోద్యోగ పరీక్షల్లో తమిళ అర్హతపత్రంలో కనీసం 40 శాతం మార్కులు రావాలి. తిరుత్తణి, హోసూరు వైపు ఉన్న మన శ్రోతలు ఈ నిబంధనలను పిల్లల చదువు మొదట్లోనే తెలుసుకోవాలి. పట్టా చేతికి వచ్చాక తెలిస్తే లాభం లేదు.

ఆరె పట్టిన చేతి కథ కూడా అక్కడే ఆగిపోలేదు. అరుంధతీయుల సంఘాలు ఏళ్లతరబడి పోరాడిన ఫలితంగా, జస్టిస్ జనార్దనం కమిటీ నివేదిక మీద, 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీల 18 శాతంలో వారికి 3 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. ఆది ఆంధ్ర, మాదిగ అన్న పేర్లు కూడా ఆ ఏడు కులాల జాబితాలో ఉన్నాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇలాంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. దానితో ఆ కుటుంబాల పిల్లలకు కుల ధ్రువపత్రం నిజమైన పనిముట్టు అయింది. పాత కపిల సంచి కుట్టినవాడి మనవరాలు అదే నగరంలో ఇంజనీరింగు చదవడానికి దారి పడింది. ఆలస్యంగా తెరిచినా, అది తలుపే.

ఇక ఈనాటికి వద్దాం. 2010లో కోయంబత్తూరులో టైడెల్ పార్కు తెరిచారు. మిల్లుల సైరన్లు చాలా చోట్ల ఆగిపోయాయి. ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజీ వరుస కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. 2015లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీసు, డిజిలాకరు మొదలుపెట్టింది. మన సత్యవేడు పక్కనే శ్రీసిటీలో కర్మాగారాలు వెలిశాయి. పనిముట్లు మారాయి, ప్రశ్న మారలేదు. ఆ 500 ఏళ్ల అనుభవం నుంచి మన పిల్లలకు ఏం చెప్పవచ్చు?

మొదటిది, నేర్పును రుజువు చేసే కాగితం సిద్ధంగా ఉంచుకోవాలి. పదో తరగతి పత్రంలోని పేరు, పుట్టినతేదీ, ఆధార్‌లోని పేరు, పుట్టినతేదీ ఒకటేనా అని ఈ రాత్రే చూసుకోండి. ఒక అక్షరం తేడా ఉంటే నియామకం వాకిట్లో ఆగిపోయే ప్రమాదం ఉంది. కుల, ఆదాయ, నివాస పత్రాలు ప్రకటన వచ్చాక పరుగులు పెట్టి తెచ్చుకునేవి కావు.

రెండవది, తన గురించి తాను ఒక పుటలో నిజంగా రాసుకోవడం రావాలి. బయోడేటా అనండి, రెజ్యూమె అనండి, అది స్థానాపతి నివేదిక లాంటిది. ఉన్నది ఉన్నట్టు, క్లుప్తంగా, ఎదుటివాడికి కావలసింది ముందుగా చెప్పాలి. ఇతరుల కాగితం చూసి ఎక్కించుకున్న గొప్పలు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే రాలిపోతాయి.

మూడవది, చేతితో చేసి చూడాలి. మోటారు సైకిల్ విప్పి బిగించిన కుర్రవాడి ఓపిక కంప్యూటర్ నేర్చేవాడికీ కావాలి. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., అప్రెంటిస్‌షిప్ చిన్నతనం కాదు. ఆ నగరాన్ని నిలబెట్టిన చదువులవే.

నాలుగవది, భాషలు. పనిచేసే ఊరి భాష నేర్చుకోవాలి, ఇంగ్లీషూ నేర్చుకోవాలి. ఇంటి భాషను వదులుకోనక్కరలేదు. మదురై రాయసంవాడు మూడు భాషలు మోశాడు. మన పిల్లల బుర్రలు అంతకంటే చిన్నవి కావు.

అయిదవది, ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాడు పాత మేస్త్రీకి కొత్త వేషం. వాణ్ని గుమ్మంలోనే గుర్తుపట్టాలి.

చివరిగా ఒక మాట. ఏ పనిముట్టూ శాశ్వతం కాదు. గంటం పోయింది, కపిల పోయింది, టైపురైటరు పోయింది. ఈనాటి కంప్యూటర్ నైపుణ్యాల్లో కొన్ని మన కళ్లముందే పోతాయి. పోనిది నేర్చుకునే అలవాటు ఒక్కటే. ఆ అలవాటు ఉన్నవాడు మదురై కొలువు పోయాక కూడా బతికాడు. ఆ అవకాశమే దక్కనివాడు బావిగట్టున ఒంటరిగా నిలబడిపోయాడు. కాబట్టి మన పిల్లవాడికి పనిముట్టు అందించేటప్పుడు పక్కింటి పిల్లకు అందిందా అని కూడా అడుగుదాం. అయిదో వాటా వేసిన పీళమేడు అన్నదమ్ములు మనకు నేర్పి వెళ్లింది అదే.

కూటి కోసం కోటి విద్యలు అన్నారు. కోటి అక్కరలేదు. ఒకటి బాగా నేర్చి, రెండోదానికి సిద్ధంగా ఉంటే చాలు. ఉద్యోగమంటే మొదటి నుంచీ అర్థం అదే కదా.